ఇంటిపనిలో ఇంటి భాష: ప్రాథమిక తరగతుల సృజనాత్మక రచనాభ్యాసాలు – చారిత్రక పరిశీలన

ప్రాథమిక తరగతుల తెలుగు వాచకాల్లో పాఠం చివర వచ్చే అభ్యాసాలను సాహిత్య పరిశోధకులు సాధారణంగా పట్టించుకోరు. వాచకంలో ఏ కవి ఉన్నాడు, ఏ పాఠం తీసేశారు, ఏ ప్రాంతానికి ఎంత చోటు దక్కింది అన్న చర్చ జరిగినంతగా, పాఠం ముగిశాక పిల్లవాడిని ఏమి రాసుకొని రమ్మన్నారు అన్న దానిపై చర్చ జరగలేదు. ‘మీ అవ్వనో తాతనో అడిగి ఒక కథ తెలుసుకొని రాయండి’, ‘మీ ఊళ్ళో వినిపించే పొడుపుకథలు సేకరించండి’ వంటి పనులు నేడు మూడో తరగతి నుంచే కనిపిస్తాయి. చూడటానికి ఇవి చిన్న పనులు. అయితే తెలుగు బడి చరిత్రలో ఇలాంటి పని పిల్లవాడి చేతికి రావడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. బడి పాఠాన్ని ఇంటికి మోసుకుపోయి వల్లెవేసి మళ్ళీ బడిలో అప్పజెప్పడమే చాలాకాలం ఇంటిపనికి అర్థం. ఇంట్లోని మాటను బడికి తెమ్మని అడగడం ఆ దారిని తిరగేయడమే. అలా తెచ్చిన మాట నోటుపుస్తకంలో ఏ రూపంలో నిలుస్తుంది, దాని మీద ఎర్రసిరా ఏమి చేస్తుంది అన్నదే ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న. ఆ ప్రశ్నను మెదక్ జిల్లా శంకరంపేట ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మెదక్ జిల్లాలో శంకరంపేట పేరుతో రెండు మండల కేంద్రాలున్నాయి. ప్రభుత్వ రికార్డుల్లో ఒకటి శంకరంపేట (ఎ), మరొకటి శంకరంపేట (ఆర్). జనవ్యవహారంలో అవి పెద్దశంకరంపేట, చిన్నశంకరంపేట. కార్యాలయం అక్షరంతో గుర్తుపెట్టుకున్నదాన్ని ఊరు పెద్దాచిన్నా అని గుర్తుపెట్టుకుంది. రికార్డు భాషకూ వాడుక భాషకూ మధ్య ఉన్న ఈ ఎడమే బడిలో మరో రూపంలో ఎదురవుతుంది. అంతేకాక పెద్దశంకరంపేట సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే రహదారి మీది ఊరు. తెలుగుతోపాటు ఉర్దూ, తండాల్లో లంబాడీ, నారాయణఖేడ్ వైపు సాగేకొద్దీ కన్నడ, మరాఠీ వినిపించే నేల అది. ‘ఇంటి భాష’ అన్న మాటను ఏకవచనంలో వాడటం ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది.

వీధిబడిలో అప్పజెప్పే చదువు

తెలుగు ప్రాంతపు దేశీయ విద్య గురించి మనకు దొరికే తొలి సమగ్ర వర్ణనల్లో ఒకటి బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక. 1822లో గవర్నరు థామస్ మన్రో కోరిన విద్యా సమాచార సేకరణలో అది భాగం. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చెప్పాడు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, తర్వాత ఆకుల మీదా పలకల మీదా రాయడం, ఉత్తరాలూ అర్జీలూ చదవడం, రాయడం, ఎక్కాలు, పద్యాలు కంఠస్థం చేయడం అప్పటి చదువు క్రమం.

క్యాంప్‌బెల్ కలెక్టరు మాత్రమే కాదు, 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు. అందుకే ఆయన దృష్టి సంఖ్యల దగ్గర ఆగలేదు. బడిలో చదివే పద్యకావ్యాల భాష సంభాషణ భాషకు భిన్నమనీ, పిల్లలు వాటిని తప్పు లేకుండా చదువుతారు కానీ అర్థం తెలియదనీ, చిలక పలుకుల్లా వల్లిస్తారనీ ఆయన పేర్కొన్నాడు. వలస పాలకుడి మాట కాబట్టి దీన్ని జాగ్రత్తగా తీసుకోవాలి. దేశీయ విద్యను తక్కువ చేసి చూపే ధోరణి ఆ కాలపు నివేదికల్లో సర్వసాధారణం. పైగా పద్యం అర్థం కాకముందే చెవికెక్కడం తెలుగు సాహిత్య సంస్కారంలో ఒక విలువైన దశ అన్న వాదాన్ని కొట్టిపారేయలేం. అయినా బడి భాష, ఇంటి భాష వేరు అన్న గమనింపు 1823 నాటికే లిఖితమై ఉండటం మన చర్చకు ముఖ్యం. వ్యావహారిక భాషోద్యమానికి ఎనభై ఏళ్ళకు పైగా ముందే ఈ ఎడాన్ని ఒక వ్యాకర్త బడిపిల్లల నోటి దగ్గర గుర్తించాడు.

వీధిబడిలో రచన లేదనలేం. అర్జీ రాయడం రచనే, ఉత్తరం రాయడం రచనే. అయితే అవి ముందే స్థిరపడిన చట్రంలో పేర్లు మార్చి రాసేవి. పిల్లవాడి అనుభవానికి అందులో చోటు లేదు. ఇంటికీ బడికీ మధ్య పిల్లలు నడిచిన ఒక ఉత్సాహభరితమైన దారి మాత్రం దసరా నాటిది. పంతులుతో కలిసి విల్లంబులు పట్టుకొని, దసరా పద్యాలు పాడుతూ పిల్లలు ఇంటింటికీ తిరిగేవారు. అక్కడ కూడా బడి నేర్పిన పద్యమే ఇంటికి వెళ్ళింది, ఇంటి పాట బడికి రాలేదు. ఆడవారి పాటలు, నాట్ల పాటలు, కథలు, పొడుపుకథలు అన్నీ బడి గోడకు అవతలే మిగిలాయి.

వ్యాసరచన: ఏ భాషలో?

పిల్లవాడు సొంతంగా నాలుగు వాక్యాలు రాయాలన్న కోరిక ఆధునిక పరీక్షా విధానంతో వచ్చింది. దాని వెంటే ఏ భాషలో రాయాలన్న ప్రశ్నా వచ్చింది. మద్రాసు రాజధానిలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ చదివే తెలుగుకూ పొంతన లేదని గమనించి గిడుగు రామమూర్తిని ప్రశ్నించడం, ఆ ప్రశ్న ఉద్యమానికి బీజం కావడం అందరికీ తెలిసిన విషయాలే. ఇక్కడ గుర్తుచేయవలసింది ఒక్కటి. ఆ వివాదం కవిత్వ భాష గురించి మొదలు కాలేదు, స్కూల్ ఫైనల్ వ్యాసరచన చుట్టూ రాజుకుంది. వ్యాసాన్ని కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చన్న వెసులుబాటు ఆ రోజుల్లో వచ్చింది. దానిపై 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తీవ్రంగా పోరాడింది. 1913లో గిడుగు ఆధునిక తెలుగుపై మెమొరాండం ప్రచురించగా, జయంతి రామయ్య పంతులు కావ్యభాషను సమర్థిస్తూ పుస్తకం తెచ్చాడు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం సమర్పించాడు. చివరికి 1915 నాటికి ఆ వెసులుబాటు పోయింది.

మనం ఈ చరిత్రను గ్రాంథిక, వ్యావహారిక వాదాల చరిత్రగా చదవడానికి అలవాటు పడ్డాం. దాన్ని పిల్లల రచనా చరిత్రగా చదివితే మరో సంగతి కనిపిస్తుంది. పెద్దల మధ్య ఇంత వాదం నడిచినా, ఏం రాయాలన్న ప్రశ్న ఎవరినీ అంతగా కదిలించలేదు. ఏ భాషలో అన్నది తేల్చకుండా ఏమిటన్న ప్రశ్నకు చోటు లేకపోవడం అర్థమయ్యేదే. కానీ ఈ రెండు ప్రశ్నలూ నిజానికి విడివిడివి కావు. ఆవు మీదా వసంత రుతువు మీదా వ్యాసం రాయమన్నంతకాలం గ్రాంథికం నడుస్తుంది. మీ ఇంట్లో నిన్న రాత్రి ఏమి జరిగింది అని అడిగిన మరుక్షణం గ్రాంథికం నోరు పెగలదు.

ఈ వాదం జరుగుతున్నప్పుడు శంకరంపేట పిల్లవాడు మద్రాసు పాలనలో లేడు. మెదక్ నిజాం రాజ్యంలోని జిల్లా. అక్కడ సమస్య గ్రాంథికమా వ్యావహారికమా అన్నది కాదు, అసలు తెలుగుకు బడిలో చోటుందా అన్నది. పాలనా భాషా, ఉన్నతవిద్య భాషా ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య నెరపిన ఆ ప్రయోగం విలువైనదే, కానీ ఆ భాష మెదక్ రైతుబిడ్డది కాదు. 1921లో ఆంధ్రజన సంఘం ఏర్పడటం, 1928లో హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నెలకొల్పడం ఈ లోటుకు వచ్చిన జవాబులు. శంకరంపేట నుంచి సంగారెడ్డికి పోయే దారిలోనే జోగిపేట ఉంది. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజామాంధ్ర మహాసభ జరిగింది ఆ ఊళ్ళోనే. మాతృభాషలో విద్య అన్న కోరిక మెదక్ నేలకు పరాయి నినాదం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

1948 తర్వాత తెలుగు బడిలోకి వచ్చింది. 1956 తర్వాత వాచకాలు రాష్ట్రమంతటికీ ఒకటయ్యాయి. ఆ వాచకాల తెలుగు కృష్ణా, గుంటూరు జిల్లాల చదువుకున్న వర్గాల వాడుకకు దగ్గరగా స్థిరపడింది. అంటే గిడుగు కోరిన వ్యావహారికం చివరికి గెలిచింది. గెలిచిన ఆ వ్యావహారికం మెదక్ పిల్లవాడికి మరొక బడి భాష అయింది. బడిలో నేర్పే పలుకులకూ ప్రజల నోట బతికే పలుకుబడికీ మధ్య తేడాను కాళోజీ అంత పట్టుగా ఎందుకు చెప్పాడో ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

అభ్యాసం నుంచి ప్రాజెక్టు పనికి

తర్వాతి దశను క్లుప్తంగా చెప్పవచ్చు. 1980ల నుంచి 1996 వరకు బ్రిటిష్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయులకు ఆరు సూత్రాలు బోధించింది. చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. తరగతి గోడ మీదికి పిల్లల చేతిరాత ఎక్కడం ఒక విధానంగా మారింది అప్పుడే. దేశస్థాయిలో, 1989లో రాజ్యసభలో ఆర్.కె. నారాయణ్ బడిసంచి బరువు గురించి చేసిన ప్రసంగం, దాని తర్వాత ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1993లో ఇచ్చిన నివేదిక ఇంటిపనిని విధాన చర్చలోకి తెచ్చాయి. 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం, 2011 రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం ఆ ఆలోచనను వాచకాల్లోకి దింపాయి. ఆ తర్వాతి తెలుగు వాచకాల్లో స్వీయరచన, పదజాలం, సృజనాత్మకత, ప్రశంస, ప్రాజెక్టు పని అన్న శీర్షికలు స్థిరపడ్డాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత అంశాలు, ప్రాజెక్టు పనులు లెక్కలోకి వచ్చాయి.

2017 జూలైలో తెలంగాణ ప్రభుత్వం బడిసంచి బరువుకు పరిమితి విధిస్తూ (1, 2 తరగతులకు కిలోన్నర) ప్రాథమిక తరగతులకు ఇంటిపని వద్దన్నది. 2020 నాటి జాతీయ బడిసంచి విధానం రెండో తరగతి వరకు ఇంటిపని లేకుండా, 3 నుంచి 5 తరగతుల వరకు వారానికి రెండు గంటలు మించకుండా ఉండాలని సూచించింది. ఆ తరగతుల పిల్లలను సాయంత్రం ఏమి చేశారు, ఏమి తిన్నారు, ఏ ఆట ఆడారు అని తరగతిలో చెప్పించమన్న సూచన అందులో ఉంది. భారం తగ్గించాలన్న తాపత్రయంలో పుట్టిన పత్రం ఇంటి అనుభవమే పాఠ్యవస్తువు అన్న ఆలోచనకు చేరడం గమనార్హం. ఇంటిపని వద్దనడం, ఇంటిని అడగమనడం రెండూ ఒకే కాలంలో వచ్చాయి. వీటిలో మొదటిది తలిదండ్రుల చెవికి చేరింది, రెండోది పత్రంలోనే మిగిలింది. ప్రైవేటు బడుల్లో మొదటిదీ ఎంతవరకు అమలైందో ఏ సాయంత్రమైనా ఏ వీధిలోనైనా చూడవచ్చు.

సేకరణ కూడా సృజనే

వాచకాల్లోని సృజనాత్మక పనులను పరిశీలిస్తే రెండు స్వభావాలు కనిపిస్తాయి. కథను పొడిగించడం, బొమ్మను చూసి కథ అల్లడం, రెండు పాత్రల మధ్య సంభాషణ రాయడం, ఆహ్వానపత్రిక తయారు చేయడం వంటివి కల్పన ప్రధానమైనవి. బతుకమ్మ పాట, సామెత, పొడుపుకథ, పనిముట్ల పేర్లు, పెద్దలు చెప్పిన కథ తెమ్మనేవి సేకరణ ప్రధానమైనవి. వాచకాలు మొదటివాటిని ‘సృజనాత్మకత’ కింద, రెండోవాటిని ‘ప్రాజెక్టు పని’ కింద వేరుచేశాయి. ఈ విభజన సరైంది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చిన్న పిల్లల విషయంలో సేకరణే ఎక్కువ సృజనను కోరుతుంది. కథను పొడిగించమంటే పిల్లవాడు వాచకం ఇచ్చిన భాషలోనే సాగుతాడు. అవ్వ చెప్పిన కథ రాయమంటే నోటి నుంచి కాగితానికి, ఒక మాండలికం నుంచి మరో వాడుకకు, విన్నవాడి స్థానం నుంచి చెప్పేవాడి స్థానానికి తానే దారి వేసుకోవాలి.

ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. మెదక్ వాడుకలో అవ్వ చెప్పే కథ ఇలా మొదలవుతుందనుకుందాం: ‘ఒక ఊళ్లె ఒక ముసలవ్వ ఉండెనంట. ఆమెకు ఒక్కడే కొడుకంట. ఆ పిలగాడు పొద్దుగాల మేకలను తోలుకొని చెల్కకు పోతుండెనంట.’ ఇది దిద్దిన నోటుపుస్తకంలో ఇలా నిలుస్తుంది: ‘ఒక ఊరిలో ఒక ముసలమ్మ ఉండేది. ఆమెకు ఒక కుమారుడు ఉన్నాడు. అతడు ఉదయాన్నే మేకలను తోలుకొని పొలానికి వెళ్ళేవాడు.’ రెండోదానిలో వ్యాకరణ దోషం లేదు. అయితే ఏమేమి పోయాయో చూడాలి. ‘అంట’ మూడుసార్లు వచ్చిందని, పునరుక్తి అని కొట్టేస్తాం. నిజానికి అది పునరుక్తి కాదు, ఈ మాట నాది కాదు, విన్నది అని ప్రతి వాక్యంలో గుర్తుచేసే సాక్ష్యం. దాన్ని తీసేస్తే కథలోంచి అవ్వ వెళ్ళిపోతుంది. ‘ఒక్కడే కొడుకు’ అన్నదానిలోని గారాబం ‘ఒక కుమారుడు’ అన్నదానిలో లేదు. అన్నిటికన్నా ముఖ్యమైంది చెల్క. తెలంగాణ రైతు వాడుకలో చెల్క అంటే వాన మీద ఆధారపడే ఎర్ర మెట్టనేల, పొలం అంటే నీటి తడి ఉన్న వరిమడి. మేకలను చెల్కకు తోలేవాడు కాపరి. మేకలను పొలానికి తోలితే అది ఊళ్ళో పంచాయితీకి దారితీసే తప్పు! ప్రమాణభాష పేరుతో చేసిన సవరణ కథానాయకుణ్ణి దోషిని చేసింది.

ఇది భాషాభిమానానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. మక్కలు, పుంటికూర, తొవ్వ, గుంటుక, రంజన్ వంటి మాటలు పిల్లవాడికి తెలిసిన వస్తువులకు పేర్లు. వాటి పక్కన మొక్కజొన్న, గోంగూర, దారి అన్న మాటలు నేర్పడం బడి పనే, అందులో వివాదం లేదు. కొట్టివేసి నేర్పడం వేరు, పక్కన రాసి నేర్పడం వేరు. తొమ్మిదేళ్ళ పిల్ల తన ఇంటి మాట కింద ఎర్రగీత చూసినప్పుడు, తప్పు రాశానని మాత్రమే అనుకోదు. మా ఇంట్లో తప్పు మాట్లాడతారు అనుకుంటుంది. ఆ తర్వాత అవ్వను అడిగి కథ తేవాలన్న ఉత్సాహం ఎంతకాలం నిలుస్తుంది?

సేకరణను ఇంటిపనిగా ఇచ్చిన అతిపెద్ద ప్రయోగం ఐర్లండ్‌లో జరిగింది. 1937–39 మధ్య ఐరిష్ జానపద విజ్ఞాన సంఘం, విద్యాశాఖ కలిసి సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల్లో పై తరగతుల పిల్లలకు, వారం వారం రాసే వ్యాసానికి బదులు, ఇంట్లో పెద్దలను అడిగి కథలు, వైద్యాలు, ఆటలు, ఊరి పేర్ల వెనుక సంగతులు రాసుకొని రమ్మన్నాయి. సుమారు 50,000 మంది పిల్లలు పాల్గొన్నారు. పోగైన రాత దాదాపు 7,40,000 పుటలు. నేడది డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాల సంరక్షణలో ఉంది, అంతర్జాలంలోనూ చదవవచ్చు. వలస పాలన నుంచి బయటపడి, సన్నగిల్లుతున్న తన భాషను కాపాడుకోవాలనుకున్న దేశం పిల్లల నోటుపుస్తకాన్ని ఆధారపత్రంగా గుర్తించింది. అంతకు ముందు 1862లోనే టాల్‌స్టాయ్ తన యాస్నయా పొల్యానా బడిలో రైతు పిల్లలకు ఒక సామెత ఇచ్చి కథ రాయమన్నప్పుడు ఏమి జరిగిందో వ్యాసంగా రాశాడు. మొదట పిల్లలు తమ వల్ల కాదన్నారు. ఆయనే రాయడం మొదలుపెట్టాక చుట్టూ చేరి, పల్లెలో మనిషి అలా చేయడు, అలా అనడు అని దిద్దసాగారు. రాయడం ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్నదే ఆ వ్యాసానికి పేరు పెట్టిన ప్రశ్న.

మనకూ ఇలాంటి అవకాశాలు ఉన్నాయి, వాటిని పెద్దల పరిశోధనకే పరిమితం చేసుకున్నాం. 1950ల్లో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన తెలుగు శాఖలకు కొత్త తలుపు తెరిచింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం నాగలి భాగాల పేర్లకు, కొలతలకు, పంటపనులకు జిల్లాలవారీ రూపాలు నమోదు చేసింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. ‘మీ ఊళ్ళో వ్యవసాయ పనిముట్ల పేర్లు తెలుసుకొని రాయండి’ అన్న నాలుగో తరగతి ప్రాజెక్టు పనికీ ఈ కోశ నిర్మాణానికీ పద్ధతిలో పెద్ద తేడా లేదు. అడగవలసిన మనిషి దగ్గరకు వెళ్ళి, వస్తువు చూపించి, పేరు విని, విన్నట్లు రాసుకోవడం రెండింటిలోనూ ఉంది. తేడా ఏమిటంటే కోశానికి సమాచారం ఇచ్చిన రైతును విద్వాంసుడు ఆధారంగా గౌరవించాడు, బడి ఆ రైతు మాటనే కొడుకు నోటుపుస్తకంలో తప్పుగా దిద్దింది.

తలిదండ్రుల స్థానం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చూచిరాత, ఎక్కాలు, ప్రశ్నజవాబులు ఇంటిపనిగా వచ్చినప్పుడు చదువురాని తల్లి నిస్సహాయురాలు. పిల్లవాడు రాసింది తప్పో ఒప్పో ఆమెకు తెలియదు, ట్యూషన్‌కు పంపడం ఒక్కటే ఆమెకు తోచే దారి. కథో పాటో పొడుపుకథో తెమ్మన్నప్పుడు అదే తల్లి తెలిసిన మనిషి అవుతుంది. అక్షరం పిల్లది, విషయం తల్లిది. ఇంటిపని చరిత్రలో నిరక్షరాస్య కుటుంబానికి అధికారం దక్కిన ఏకైక సందర్భం ఇదే అనడం అతిశయోక్తి కాదు.

పిల్లల రాతను పుస్తకంగా గుర్తించిన ప్రయత్నాలు తెలుగులో లేకపోలేదు. ఉమ్మడి మెదక్ జిల్లాలోదే అయిన జక్కాపూర్ బడిపిల్లల కథలు పుస్తకంగా వచ్చాయి, అయితే వారు ఉన్నత పాఠశాల విద్యార్థులు. అప్పటి అనంతపురం జిల్లాలోని టింబక్టు నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక పిల్లలు చెప్పిన, రాసిన కథలకు పెద్దపీట వేసింది. ఇవన్నీ ఉపాధ్యాయుల వ్యక్తిగత శ్రద్ధతో సాగినవి. ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయితే పని ఆగిపోయే స్థితి.

కొనుక్కొచ్చే ప్రాజెక్టు, తండా ప్రశ్న

ఆచరణలో సేకరణ పనికి ఎదురయ్యే మొదటి ఆటంకం అంగడి. మార్కులు చేరిన ప్రతి పనికీ తయారు జవాబు పుడుతుంది. పొడుపుకథలు గైడులో ఉంటాయి. పండ్లు, పక్షులు, పనిముట్ల బొమ్మల చార్టు స్టేషనరీ దుకాణంలో దొరుకుతుంది. కత్తిరించి అతికిస్తే ప్రాజెక్టు పూర్తవుతుంది. ఊరు ఏదైనా పొడుపుకథలు అవే, వాటి భాషా అదే. అవ్వ దగ్గరకు వెళ్ళమని పెట్టిన పని దుకాణానికి పంపింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో మూడో తరగతి మొదలు దూరదర్శన్, టీశాట్ ద్వారా పాఠాలు నడిచిన కాలంలో ఇల్లే బడి అయింది. పిల్లలు రోజంతా అవ్వాతాతల మధ్యే ఉన్నారు. సేకరణకు అంతకన్నా అనువైన కాలం రాదు. కానీ బడి ఆ ఇంట్లోకి తెరగా, వర్క్‌షీటుగా ప్రవేశించింది.

రెండో ఆటంకం మాధ్యమానిది. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల వరకు ఆంగ్లమాధ్యమం వచ్చింది. ఒక పుట తెలుగు, ఎదురుపుట ఆంగ్లంగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. దీని మంచిచెడ్డలు ఈ వ్యాస పరిధి కాదు. పర్యావరణ పాఠంలో ‘మీ పెద్దలను అడగండి’ అన్న పని ఇప్పుడు ఆంగ్లంలో రాయవలసినదైతే, చెల్క నుంచి పొలానికి జరిగిన ప్రయాణం ఇంకో మజిలీ సాగుతుంది. తెలుగు వాచకం ఒక్కటే ఇంటి మాట నిలిచే చోటుగా మిగులుతుంది. 2018 చట్టంతో తెలుగు అన్ని బడుల్లో తప్పనిసరి అయింది కాబట్టి ఆ చోటుకు చట్టబలం ఉంది. ఆ పీరియడులో పిల్లవాడు ఏమి రాస్తాడన్నది చట్టం చెప్పదు.

మూడోది ఈ వ్యాసం వాదనకే పరీక్ష పెడుతుంది. శంకరంపేట, నారాయణఖేడ్ ప్రాంతపు తండా పిల్లకు ‘మీ అవ్వ చెప్పిన కథ రాయండి’ అంటే ఆ కథ తెలుగులో లేదు, లంబాడీలో ఉంది. లంబాడీకి సొంత లిపి వాడుకలో లేదు. ఆ పిల్ల ముందు మూడు దారులున్నాయి. తెలుగులోకి అనువదించాలి, తెలుగు లిపిలో లంబాడీ రాయాలి, లేదా వాచకంలోని కథనే ఎత్తి రాయాలి. మూడోది తేలిక కనుక అదే జరిగే అవకాశం ఎక్కువ. మొదటి దారిలో వెళ్ళిన పిల్ల అనువాదకురాలు. విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర స్థాయిలో నేర్పే పనిని నాలుగో తరగతిలో ఎవరి సాయమూ లేకుండా చేసింది. ఆమె తెలుగులో విభక్తి తప్పితే మార్కు పోతుంది, అనువాదానికి మార్కు లేదు. మెదక్ తెలుగు కోసం అడిగిన న్యాయాన్ని తండా భాషకు నిరాకరిస్తే మన వాదన ప్రాంతాభిమానంగా మిగిలిపోతుంది. ఈ విషయంలో గిడుగు మనకన్నా ముందున్నాడు. తెలుగు వ్యావహారికం కోసం పోరాడిన ఆయనే సవర భాష నేర్చి, తెలుగు లిపిలో సవర పుస్తకాలు తయారు చేసి, సవర పిల్లలకు బడులు పెట్టించాడు. తెలుగు లిపి మరో భాషకు చోటివ్వగలదని ఒక శతాబ్దం కిందటే ఆచరణలో చూపాడు.

నోటుపుస్తకాల గతి ఏమిటన్నది మిగిలిన విషయం. మూల్యాంకనం కోసం బడులు ప్రాజెక్టు పుస్తకాలను ఆ విద్యాసంవత్సరం వరకు ఉంచుతాయి. పై అధికారుల తనిఖీ అయ్యాక వాటి అవసరం తీరుతుంది. వేసవిలో అవి పాత కాగితాల బేరగాడి తక్కెడ మీదికి చేరతాయి. వాటిలో గైడు నుంచి ఎత్తి రాసినవే ఎక్కువ ఉండవచ్చు. కొన్ని పుటల్లో మాత్రం, దిద్దుబాటు గీత కిందనైనా సరే, ‘చెల్క’ అన్న మాట చదవడానికి వీలుగానే ఉంటుంది. మండలానికి కొన్ని బడుల నుంచి ఈ పుస్తకాలను ఏటా వేసవి సెలవులకు ముందే సేకరించి, పిల్లల వివరాలు మరుగుపరచి, ఊరు, తరగతి, ఇంటి భాష నమోదు చేసి భద్రపరచడానికి తెలుగు శాఖలకు పెద్ద నిధులు అవసరం లేదు. ఒక గది, ఒక జాబితా, బేరగాడి కన్నా ముందు బడికి చేరగల ఒక పరిశోధక విద్యార్థి చాలు.